కోట కింద ఇళ్లు: బందరు పాతపేటలు, చల్లపల్లి, గుడివాడల గృహవారసత్వంపై ఒక సమీక్ష

ప్రశ్న, పరిధి

కోట గోడలకు శాసనాలు, సనదులు, యుద్ధవృత్తాంతాలు సాక్ష్యం పలుకుతాయి గాని, ఆ కోటను నమ్ముకుని దాని కింద బతికిన ఊరి ఇళ్లకు అటువంటి సాక్షులు అరుదు. కొండ మీద కోట, కొండ కింద రాతి ఇళ్ల వీధులు ఉన్నచోట పాత ఇంటిని గుర్తించడం తేలిక. ఇంటి గోడ వయసే దాని చరిత్రగా నిలుస్తుంది. కొండా రాయీ రెండూ లేని కృష్ణా డెల్టా దిగువ భాగంలో ఈ కొలత పనిచెయ్యదు. మచిలీపట్నం అనే బందరులో కోట సముద్రపు బురదలో ఉంది, ఊరు దానికి దూరంగా కాస్త మిట్టనేల మీద ఉంది, ఇళ్లు మట్టితో, కలపతో, ఇటుకతో కట్టినవి, వాటిని ఉప్పెనలు తుడిచిపెట్టినప్పుడల్లా జనం మళ్లీ కట్టుకున్నారు. అందువల్ల ఇక్కడ ఏది పాత ఇల్లు, ఏది కాపాడదగినది అన్న ప్రశ్నను మొదటినుంచి వేసుకోవలసి వస్తుంది. ఈ సమీక్ష బందరు పాతపేటలను ప్రధానంగా తీసుకుని, దివిసీమ వాకిట ఉన్న చల్లపల్లి కోటనూ, కోట లేకుండానే పెరిగిన గుడివాడ ప్రాంతాన్నీ పోలికకు పెట్టుకుని, ఆ ప్రశ్నకు దొరికే జవాబును పరిశీలిస్తుంది.

కోటకూ ఊరికీ మధ్య బురద

బందరు అన్న మాటకు పారసీకంలో రేవు అని అర్థం. గ్రీకు భూగోళవేత్త టాలెమీ మైసోలియా అని పేర్కొన్న తీరం ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. గోలకొండ కుతుబ్‌షాహీల కాలంలో ఇది ఆ రాజ్యానికి ముఖ్యమైన రేవు. 1605 ప్రాంతంలో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు ఇక్కడ ఫ్యాక్టరీలు పెట్టారు. ఆనాటి వాడుకలో ఫ్యాక్టరీ అంటే యంత్రశాల కాదు. కంపెనీ ఏజెంట్లు నివసిస్తూ సరుకు కొని నిలవచేసే గిడ్డంగి ఇల్లు. ఐరోపా కంపెనీల చరిత్ర బందరులో మొదలైంది ఇటువంటి ఇళ్లలోనే తప్ప కోటలో కాదన్న సంగతి ఈ చర్చకు మొదటి మెట్టు.

1750లో కోట ఫ్రెంచివారి చేతికి వచ్చింది, వారు దాని బురుజులను కట్టుదిట్టం చేశారు, 1759 ఏప్రిల్‌లో కల్నల్ ఫోర్డ్ నాయకత్వంలో ఇంగ్లీషు సైన్యం దాన్ని రాత్రి ముట్టడిలో పట్టుకుంది. ఆ ముట్టడిని వర్ణించిన చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్, ఊరు కోటకు వాయవ్యంగా సుమారు మైలున్నర దూరాన ఉందనీ, మధ్యనున్న బురదనేల మీదుగా ఒక పొడవైన కట్ట రెంటినీ కలిపేదనీ రాశాడు. అంటే కోట గోడను ఆనుకుని ఇళ్లు పెరిగే అవకాశమే ఇక్కడ లేదు. కోట కింద ఊరు అన్న మాట బందరు విషయంలో ఎత్తును చెప్పదు, ఆశ్రయాన్నీ అధికారాన్నీ చెబుతుంది. కోటలో సైనికులు, మందుగుండు ఉండగా, వర్తకం, నేత, అద్దకం, దుబాసీల బతుకు, దేవాలయాలు, మసీదులు అన్నీ కట్టకు ఈవలివైపు ఉండేవి.

చెక్క ఊరు

పదిహేడో శతాబ్దపు బందరు ఇళ్లలో ఒక్కటైనా నేడు నిలిచి ఉందని చెప్పే ఆధారం లేదు గాని, వాటిని చూసినవారి రాతలు ఉన్నాయి. ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఈ ఊరి ఇళ్లు చెక్కతో కట్టినవనీ, రేవు మాత్రం గొప్పదనీ రాశాడు. 1670లలో వచ్చిన ఇంగ్లీషు వైద్యుడు జాన్ ఫ్రయర్ మరికాస్త దగ్గరగా చూసి, కలిగినవారి ఇళ్లు కలపతో, సున్నపు పూతతో కట్టిన రెండంతస్తులవనీ, వాటికి జాలీ కిటికీలున్న వసారాలు ఉన్నాయనీ, పేదల ఇళ్లు మట్టిగోడల మీద గడ్డి కప్పిన గుండ్రని గుడిసెలనీ వర్ణించాడు. ఈ రెండో రకాన్ని తెలుగువారు చుట్టిల్లు అంటారు. గుండ్రని గోడ, శంకువు ఆకారపు తాటాకు లేదా గడ్డి కప్పు ఉన్న ఈ ఇల్లు పేదరికపు గుర్తుగానే చాలాకాలం లెక్కకు వచ్చినా, మూలలు లేని ఆకారం వల్ల గాలి దాన్ని చుట్టుకుని పోతుంది గాని ఒక్క పక్కన పట్టుకుని పెకలించలేదు. దివిసీమలో ఈ రకం ఇరవయ్యో శతాబ్దం దాకా నిలవడానికి ఇదొక కారణం. అంటే ఫ్రయర్ చూసిన రెండు రకాల్లో మేడ అంతరించింది, గుడిసె రూపం మూడువందల ఏళ్లు బతికింది.

ఆ కాలపు రాతిపని కావాలనుకున్నవారు శ్మశానానికి వెళ్లవలసిందే. బందరులోని డచ్చి సమాధుల నల్లరాతి పలకల మీద చెక్కిన వంశచిహ్నాలూ, 1624 నుంచి కనిపించే తేదీలూ నేటికీ చదవదగినట్టు ఉన్నాయి. చనిపోయినవారికి రాయి, బతికినవారికి చెక్క అన్నది ఆనాటి ఊరి లెక్క.

పేర్లలో నిలిచిన పేటలు

ఇల్లు పోయినా ఇంటి స్థలానికి ఉన్న పేరు పోలేదు. పేట అంటే ప్రధాన ఊరిని ఆనుకుని వర్తకులకో చేతిపనివారికో ఏర్పడిన వాడ; పాలెం అంటే మొదట దండు విడిది, తర్వాత శివారు పల్లె. డచ్చివారిని తెలుగువారు వలందులు అన్నారు, వారి నెలవు వలందపాలెం అయింది. ఫ్రెంచివారిని పరాసులు అన్నారు, పరాసుపేట ఆ పేరును మోస్తున్నది. ఇంగ్లీషుపాలెం సంగతి వివరించనక్కరలేదు. ఫ్రెంచిపేటలో ఫ్రాన్సుకు ఉన్న చిన్న స్థలాన్ని, అంటే వారు లోజ్ అని పిలిచే వర్తకపు నెలవును, 1947 అక్టోబరులో భారతదేశానికి అప్పగించారు. ఇనగుదురు, గొడుగుపేట, బచ్చుపేట, ఖొజ్జిల్లిపేట, నిజాంపేట, చిలకలపూడి వంటి పేర్లతో కలిపి చదివితే, ఊరి పటమే ఒక దస్తావేజులా కనిపిస్తుంది. నాలుగు శతాబ్దాల కిందటి స్థిరనివాసాల వరుసను ఇంటి గోడలకంటే ఈ పేర్లే నమ్మకంగా కాపాడాయి. పేరుతో పాటు వీధి మలుపులు, చెరువులు, నూతుల చోట్లు కూడా చాలావరకు మారలేదంటే, అందుకు కారణం ఉప్పెన ఇంటిని కూల్చగలదు గాని హక్కును కూల్చలేకపోవడమే. తాత స్థలంలోనే మనవడు మళ్లీ పునాది తీస్తాడు.

రాబర్ట్‌సన్‌పేట కథ ఇందులో ప్రత్యేకమైనది. పందొమ్మిదో శతాబ్దపు తొలి దశకాల్లో ఇక్కడ పనిచేసిన అధికారి రాబర్ట్‌సన్ పేరుమీద ఏర్పడిన ఈ పేటలో కొత్త అంగడి చౌకును అలంకరించడానికి అమరావతి స్తూపపు శిల్పఫలకాలను తెప్పించారు. 1835లో మద్రాసు గవర్నరు వాటిని చూసి మద్రాసుకు పంపమని ఆదేశించే నాటికే కొన్ని ఫలకాలు ఒక అధికారి ఇంటి తోటలోకి చేరాయి. తర్వాత అవి మద్రాసు మ్యూజియానికి వెళ్లాయి. బౌద్ధ స్తూపపు రాయి ఒక పేట అంగడికి, అక్కడినుంచి ఒక ఇంటి తోటకు సొగసు కావడం ఇక్కడ వింత కాదు, అలవాటు. ఆ అలవాటు మూలం ముందుకు పోయేకొద్దీ స్పష్టమవుతుంది.

1864, కాలువ, మండువా

1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన బందరు గృహచరిత్రను రెండుగా చీల్చింది. సముద్రం ఊరంతటినీ ముంచి, తీరం వెంట మైళ్ల దూరం లోపలికి చొచ్చుకుపోయింది. ఆ ఒక్క రాత్రి ముప్పైవేల మంది మరణించినట్టు ఆనాటి ప్రభుత్వ గ్రంథాలు రాశాయి. ఆ తర్వాత సైన్యం కోటను వదిలింది, రేవు ప్రాముఖ్యం తగ్గింది. కోటకు బతుకు పోయింది గాని ఊరికి పోలేదు, ఎందుకంటే అప్పటికే ఊరికి మరో ఆధారం దొరికింది. 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట నుంచి వచ్చిన బందరు కాలువ నీటితో పాటు పడవలను, పడవలతో పాటు ధాన్యాన్నీ కలపనూ తెచ్చింది. 1859లో ఏర్పడిన కృష్ణా జిల్లాకు బందరే ముఖ్యపట్టణమై వకీళ్లూ గుమాస్తాలూ చేరారు. 1908లో రైలు వచ్చింది. నేడు బందరులో పాత ఇల్లు అని చూపించేవాటిలో అత్యధికం ఈ కాలానివే.

ఈ కాలపు ఇంటికి నమూనా మండువా లోగిలి. లోగిలి అంటే ఆవరణతో కూడిన పెద్ద ఇల్లు. మండువా అంటే దాని నడుమ ఆకాశానికి తెరిచి ఉన్న పల్లపు చదరం. వీధి అరుగు దాటి, చెక్కుడుపని ఉన్న ద్వారబంధం కింద గడప దాటి, నడవలోంచి లోపలికి వెళ్తే, నాలుగువైపులా స్తంభాల వసారాలు, వాటి వెనక గదులు, నాలుగు చూరులూ లోపలికి వాలి మండువా మీదికి దిగడం కనిపిస్తుంది. వాన కురిస్తే నాలుగు కప్పుల నీరు ఒక్కచోటికి దూకి, మూలనున్న తూములోంచి వీధి కాలువకు పోతుంది. ఎండాకాలం ఆ బావిలాంటి ఖాళీ లోంచి వేడిగాలి పైకి లేచి, వసారాల్లోకి చల్లగాలి వస్తుంది. వడ్లు ఎండబెట్టడం, పెళ్లి పీటలు వెయ్యడం, చంటిపిల్లకు నీళ్లు పొయ్యడం అన్నీ ఆ చదరం చుట్టూనే జరిగేవి. నీటిపల్లంలో బతికేవారు నీటిని ఇంటి నడుమకే పిలిచి దారి చూపించి పంపే ఏర్పాటు ఇది. ఆ తూము పూడితే ఇల్లంతా పూడినట్టే.

ఇళ్లు నివాసాలు మాత్రమే కాకపోవడం ఈ పేటల మరో లక్షణం. చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగల పని ఇంటింటి పనిగా పెరిగింది; పొరుగున పెడనలో కలంకారీ అద్దకానికి ఇంటి పెరడూ, పారే నీరూ, ఎండ తగిలే ఖాళీ నేలా కలిసి ఒక కార్ఖానా అయ్యాయి. స్వరాజ్యోద్యమ కాలంలో ఇవే వీధులు మరోరకం పనికి వేదికలయ్యాయి: 1902లో కృష్ణాపత్రిక, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు ఈ ఊరిలోనే పుట్టాయి. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయాక, దాని పుట్టుకకు మిగిలిన కనిపించే గుర్తు ఈ ఊరే.

చల్లపల్లి, గుడివాడ: రెండు పోలికలు

దివిసీమకు పోయే దారిలో ఉన్న చల్లపల్లిలో కోట అన్న మాటకు అర్థం వేరు. యార్లగడ్డ వంశీయుల దేవరకోట సంస్థానానికి కేంద్రమైన ఈ ఊళ్లో కోట అంటే జమీందారు నివాసభవనం, దాని ప్రహరీ, కచేరి. ఇక్కడ కోటకూ ఊరికీ మధ్య బురద లేదు. ఊరి జీవనం కోట వాకిటికి ముడిపడింది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో ఆ ముడి తెగింది. కోట కుటుంబపు ఆస్తిగా మిగిలింది, దాన్ని నమ్ముకున్న ఉద్యోగుల, పనివారల ఇళ్లకు మాత్రం ఆ ఆధారం పోయింది. బందరులో కోట పడిపోయి పేటలు నిలిచాయి, చల్లపల్లిలో కోట నిలిచి చుట్టూ ఉన్న లోకం మారిపోయింది. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే, ఇళ్ల ఆయుష్షు కోట ఆయుష్షు మీద ఆధారపడలేదనీ, ఇంటివారి బతుకుతెరువు మీదే ఆధారపడిందనీ తేలుతుంది.

కోట లేని గుడివాడ ఈ నిర్ణయాన్ని బలపరుస్తుంది. కాలువనీటితో రెండు పంటలు పండిన ఈ ప్రాంతంలో రైతుల లోగిళ్లు ఏ రాజాశ్రయం లేకుండా లేచాయి; గాదెలు, పశువుల కొట్టాలు, ధాన్యం వ్యాపారం వాటికి ఆధారం. పిల్లలు చదువులకూ ఉద్యోగాలకూ హైదరాబాదుకో అమెరికాకో వెళ్లిపోయిన ఇంట్లో, నలుగురు చూరు కింద కూర్చునే అవసరం పోయినప్పుడు, కప్పు కారడం మొదలవుతుంది. తాళం వేసిన లోగిలిని కూల్చేది గాలివాన కంటే ముందు తాళమే.

రాయి లేని నేల

డెల్టా ఒండ్రునేల, తవ్వితే నల్లరేగడి, ఇసుక, ఉప్పునీరు తప్ప రాయి రాదు. అందుకే ఇక్కడ కట్టడమంటే చాలాసార్లు పాతదాన్ని విప్పి కొత్తదాంట్లో పెట్టడం. దీని తీవ్రరూపం పురాతత్త్వానికి తెలిసిందే: భట్టిప్రోలు స్తూపపు రాళ్లను కాలువ పనులకు వాడారు, గుడివాడ దిబ్బ ఇటుకలు రోడ్లకు పోయాయి. అలెగ్జాండర్ రీ 1894లో ప్రచురించిన భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల పరిశోధన ఈ విధ్వంసం తర్వాత మిగిలినదాని లెక్కే. అది నష్టమే, సందేహం లేదు. కాని అదే అలవాటు ఇళ్ల విషయంలో ఒక పొదుపు విద్యగా పనిచేసింది. కూలిన ఇంటి బర్మా టేకు దూలం కొత్త ఇంటికి ఎక్కుతుంది, ద్వారబంధం అన్నదమ్ముల పంపకంలో ఒకరి వాటాకు వెళ్లి మరో పేటలో గడప అవుతుంది, పెంకులు ఏరి మళ్లీ నేస్తారు. అందువల్ల ఒకే ఇంట్లో గోడది ఒక తరం, కప్పుది మరో తరం, తలుపుది అంతకు ముందు తరం కావచ్చు. ఇంటి వయసు ఎంత అని అడిగితే ఒక్క అంకెతో జవాబు రాదు.

ఈ ఇళ్లను కలిపి ఉంచినది గానుగ సున్నం. తీరంలో దొరికే గుల్లలను కాల్చి చేసిన సున్నాన్ని, ఇసుకతో కలిపి, ఎద్దులు తిప్పే రాతిచక్రం కింద గుండ్రని కాలువలో నూరి, పై పూతకు బెల్లపునీళ్లు, కరక్కాయ కషాయం కలిపేవారు. ఈ సున్నం నెమ్మదిగా గట్టిపడుతుంది, గోడలోని తేమను బయటికి వదులుతుంది, రేగడి నేల ఎండకు కుంచించి వానకు ఉబ్బినప్పుడు కొంత వంగి సర్దుకుంటుంది.

శిథిలమయ్యే తీరు

పాత గోడ దెబ్బతినడానికి మొదటి కారణం నేలలోంచి ఎక్కే ఉప్పుచెమ్మ. సున్నపు గోడ ఆ చెమ్మను ఆవిరిగా వదిలేస్తుంది, పైపూత పెచ్చులూడితే ఇంటివారు మళ్లీ పూస్తారు. బాగుచెయ్యాలన్న మంచి ఉద్దేశంతోనే దానిమీద సిమెంటు పూసినప్పుడు తేమకు దారి మూసుకుపోయి, ఉప్పు లోపలే పేరుకుని, ఇటుక పొడిపొడిగా రాలుతుంది. పైకి నున్నగా కనిపించే గోడ లోపల గుల్లవుతుంది. రెండో కారణం వీధి ఎత్తు. రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి పెరిగి అరుగు కుంగినట్టవుతుంది, మండువా తూము వీధి కాలువకంటే పల్లమవుతుంది, వాననీరు బయటికి పోవడం మాని లోపలికి వస్తుంది. మూడోది వారసుల మధ్య తెగని వాటాలు. నాలుగోది భూమి విలువ. 2023లో బందరు కొత్త ఓడరేవు పనులు మొదలయ్యాక పాతపేటల్లోని వెడల్పాటి స్థలాల మీద ఈ ఒత్తిడి పెరగడం సహజం.

ఉప్పెన భయం వీటన్నిటి వెనకా ఉంది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన పదివేలకు పైగా ప్రాణాలు తీసుకున్నాక, కాంక్రీటు శ్లాబు అన్నది ఈ ప్రాంతపు జనానికి సౌకర్యం కాదు, రక్షణ. ఆ నిర్ణయాన్ని సౌందర్యం పేరుతో తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. పాత ఇంటిని కాపాడే ఏ పథకమైనా అందులో ఉండేవారి ప్రాణభద్రతను ముందు లెక్కవెయ్యాలి.

చట్టం, ఇతర ఊళ్ల అనుభవం

1958 నాటి కేంద్ర పురాతన కట్టడాల చట్టం కనీసం నూరేళ్ల వయసున్న కట్టడాలను గుర్తిస్తుంది. 2010 సవరణ రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల నిషిద్ధ ప్రాంతాన్నీ, ఆపైన 200 మీటర్ల నియంత్రిత ప్రాంతాన్నీ ఏర్పరచింది. రాష్ట్రానికి 1960 నాటి చట్టం ఉంది. కోటకూ డచ్చి సమాధులకూ ఈ రక్షణ సరిపోతుంది. తరతరాలుగా విప్పి కట్టిన ఇంటికి, మనుషులు కాపురం ఉంటున్న ఇంటికి అది అతకదు. ఏ భాగానికి నూరేళ్లు అన్న ప్రశ్న దగ్గరే అది ఆగిపోతుంది.

ఇదే తీరంలోనూ, పొరుగున శ్రీలంకలోనూ వేరే దారులు కనిపిస్తాయి. తమిళనాడులోని తరంగంబాడిలో 1620 నాటి డేనిష్ కోట కింద ఉన్న సాధారణ పెంకుటిళ్లను 2004 సునామీ తర్వాత వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ సంప్రదాయ పద్ధతిలో బాగుచేసింది. పుదుచ్చేరి వైశ్యాళ్ వీధిలో ఒక్కొక్క ఇంటిని కాక వీధి ముఖాన్ని మొత్తంగా పునరుద్ధరించారు. శ్రీలంకలో గాలె డచ్చి కోట 1988లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కినప్పుడు గోడలతో పాటు లోపలి ఇళ్ల వీధులు కూడా ఆ గుర్తింపులో చేరాయి. ఈ మూడింటిలోనూ కొలమానం వీధి, వృత్తి, కట్టే పద్ధతి; ఒక్క గోడ వయసు కాదు.

తేలినది

దిగువ కృష్ణా డెల్టాలో చారిత్రక గృహం అంటే ఒకసారి కట్టి వదిలిన వస్తువు కాదు, తెగకుండా సాగిన మరమ్మతు. ఆ మరమ్మతుకు ఆధారాలు నాలుగు: స్థలం, పేరు, నమూనా, పనివాడు. కనుక ఇక్కడ చెయ్యవలసిన పని కూడా ఆ వరుసలోనే ఉండాలి. పేటల హద్దులనూ, వీధులనూ, నూతులనూ, తూములనూ పటంలో నమోదు చెయ్యాలి. పేర్లను మార్చకుండా ఉంచాలి. నిలిచిన లోగిళ్లను కొలిచి గీసి దాచాలి. ఎత్తు పెంచకుండా, తూములను పూడ్చకుండా రోడ్లు వెయ్యాలి. గానుగ సున్నం పనీ, పెంకు నేతా తెలిసిన చివరి తరం పనివారి దగ్గర కొత్తవారికి నేర్పించాలి. ఇంటివారికి పన్నులోనో మరమ్మతు ఖర్చులోనో ఊరట ఇవ్వాలి. వీటిలో మొదటివాటికి మునిసిపాలిటీ పూనుకుంటే చాలు. చివరివాటికి ప్రభుత్వం చెయ్యి కలపాలి.

బందరు కోట ఇప్పటికే శిథిలం; దాన్ని శిథిలంగానే కాపాడవచ్చు. పేటలోని ఇంటిని అలా కాపాడలేరు. దాని చూరు కింద ఎవరో ఒకరు కాపురం ఉండి, కారిన పెంకును మార్చి, పూడిన తూమును తీసి, రాలిన సున్నాన్ని మళ్లీ పూసినంతకాలమే అది నిలుస్తుంది. నాలుగువందల ఏళ్లుగా ఈ ఊరి జనం, కోట ఎవరి చేతిలో ఉన్నా, ఆ పని మానలేదు. ఇక ముందు కూడా వారు మానకుండా ఉండే వెసులుబాటు కల్పించడమే ఈ ఇళ్లకు తగిన సంరక్షణ.